క్రెడిట్ కార్డు బాకీ తీర్చడం, మళ్లీ పడకుండా వాడడం: మొదటి నుంచి చివరి దాకా

జీతం పడిన రెండో రోజుకే సగం కార్డు బిల్లుకు పోతుంది. మిగతా సగం అద్దెకూ ఫీజులకూ సరిపోతుంది. మూడో వారం నుంచి ఇల్లు మళ్లీ కార్డు మీదే నడుస్తుంది. ఇందులోంచి బయటపడేదెలా అని చాలామంది అడుగుతున్నారు. ‘ఖర్చు తగ్గించుకోండి’ అని వాళ్లకు ఇప్పటికే పది మంది చెప్పి ఉంటారు. ఆ మాటలో తప్పేం లేదు గానీ, దానితో పని జరగదు.

నా లెక్కలో కార్డుతో వచ్చే చిక్కు ముందు తేదీలది, ఆ తర్వాతే ఖర్చుది. కొనేది ఒక రోజు, డబ్బు పోయేది ఇంకో రోజు. ఆ రెండు రోజుల మధ్య ఎడంలోనే లెక్క తప్పుతుంది. కింద చెప్పిన ప్రతి పనీ ఆ ఎడాన్ని తగ్గించడానికే.

ఉదాహరణల్లో అంకెలకు కరెన్సీ పేరు పెట్టలేదు. వడ్డీ నెలకు 3 శాతం, మినిమమ్ డ్యూ (బ్యాంకు ఆ నెలకు అడిగే కనీస సొమ్ము) బాకీలో 5 శాతం అనుకున్నాను. మీ కార్డువి ఎంతో చూసి మార్చుకోండి. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టేసేవాళ్లు 1, 2, 3 చదివి నేరుగా 9కి వెళ్లొచ్చు.

## 1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ ప్రతి కార్డుకూ చివరి మూడు నెలల పూర్తి స్టేట్‌మెంట్లు. యాప్‌లో కనిపించే ఒక్క అంకె చాలదు.
☐ అవే మూడు నెలల బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు.
☐ కార్డు చార్జీల పట్టిక. కార్డుతోపాటు వచ్చిన కాగితాల్లో ఉంటుంది, లేకపోతే బ్యాంకు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.
☐ రెండు రంగుల పెన్నులు, ఒక తెల్ల కాగితం, క్యాలిక్యులేటర్.
☐ ఎవరూ కదిలించని ఒక గంట.

వీలైతే స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో వేలితో పైకి తోసేస్తూ పోతే కళ్లకు ఇబ్బంది పెట్టే వరుసలన్నీ జారిపోతాయి. కాగితం మీద అలా జారవు.

## 2. స్టేట్‌మెంటును ఈ వరుసలో చదవండి

అందరూ ముందు చూసేది కట్టాల్సిన మొత్తాన్ని. మీరు తేదీలతో మొదలుపెట్టండి.

బిల్లు తేదీ, గడువు తేదీ. బిల్లు ప్రతి నెలా 5న తయారవుతుంది, కట్టడానికి 25 దాకా గడువు ఉంటుంది అనుకుందాం. 6న కొన్న వస్తువు వచ్చే నెల 5 నాటి బిల్లులోకి వెళ్తుంది. దానికి డబ్బు వచ్చే నెల 25న కడతారు, అంటే సుమారు 50 రోజుల వ్యవధి. అదే వస్తువు 4న కొంటే మర్నాడే బిల్లులోకి ఎక్కుతుంది. అప్పుడు దొరికేది 21 రోజులే. ‘50 రోజులు వడ్డీ లేదు’ అని ప్రకటనల్లో చెప్పేది మొదటి రకం కొనుగోలు గురించే.

టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ. మొదటిది మీ బాకీ. రెండోది, ఈ నెల మీమీద ఆలస్యపు ఫీజు పడకుండా ఉండడానికి బ్యాంకు అడిగే కనీస సొమ్ము. మినిమమ్ కడితే ఫీజు ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఈ ఒక్క తేడా తెలియక ఏళ్ల తరబడి కట్టేవాళ్లు ఉన్నారు.

వడ్డీ రేటు. నెలకు 3 శాతం అని చిన్నగా కనిపిస్తుంది. పన్నెండుతో హెచ్చిస్తే ఏడాదికి 36 శాతం. వడ్డీ మీద వడ్డీ కలిస్తే 42 శాతం దాటుతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి, ఎందుకంటే ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. ఒకాయన 6వ తేదీన 40,000 పెట్టి ఒక వస్తువు కొన్నాడు. గడువు రోజుకు 39,000 కట్టాడు, 1,000 మిగిల్చాడు. వచ్చే బిల్లులో 1,000 మీద 3 శాతం, అంటే 30 వడ్డీ పడుతుందని ఎవరైనా అనుకుంటారు. చాలా కార్డుల్లో లెక్క అలా ఉండదు. పూర్తిగా కట్టలేదు కాబట్టి వడ్డీ లేని వ్యవధి మొత్తం రద్దవుతుంది. 40,000 మీద కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా, సుమారు 49 రోజులకు వడ్డీ వేస్తారు. అది 1,900 దాటుతుంది. వెయ్యి మిగుల్చుకోవడానికి అయిన ఖర్చు దాదాపు రెండు వేలు.

అంతటితో అయిపోదు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అప్పుడు ఆ కార్డుకు 50 రోజులూ లేవు, 21 రోజులూ లేవు.

మీ కార్డు ఎలా లెక్కేస్తుందో చార్జీల పట్టికలో ‘వడ్డీ రహిత వ్యవధి’ అన్న చోట ఉంటుంది. అది చదివి, అర్థమైంది కాగితం మీద మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి.

మూడు నెలల వడ్డీ, ఫీజులు. ఆఖరున, మూడు స్టేట్‌మెంట్లలోంచి వడ్డీ, ఆలస్యపు ఫీజు, లిమిట్ దాటిన ఫీజు, వార్షిక ఫీజు, వాటి మీద పన్ను ఏరి కూడండి. వచ్చిన అంకెను కాగితం పైన పెద్దగా రాయండి. మూడు నెలల్లో ఏ వస్తువూ ఇంటికి రాకుండా మీ చేతిలోంచి పోయిన డబ్బు అది.

## 3. కార్డు మీ నెలను ఏం చేస్తోందో కొలవండి

ఇప్పుడు పెన్నులు తీయండి. స్టేట్‌మెంటులో ఒక్కో వరుస చదువుతూ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఆ రోజు జేబులో నోట్లు మాత్రమే ఉంటే ఇది కొనేవాణ్నా? అవుననిపిస్తే నీలం గీత, కాదనిపిస్తే ఎరుపు. గుర్తే రాని వరుస ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టండి.

ఈ ప్రశ్న ఊరికే పెట్టలేదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థులతో బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పాడించారు. కార్డుతో కట్టాలన్నవాళ్లు, నగదు కట్టాలన్నవాళ్లకంటే దాదాపు రెట్టింపు పాడారు. టికెట్లు అవే. కట్టే పద్ధతి మారితే చాలు, చెయ్యి పెద్దదైంది. కాబట్టి మీ స్టేట్‌మెంటులో ఎరుపు గీతలు పడితే మీరు దుబారా మనిషి అని కాదు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సున్నాలు చుట్టిన వరుసల్లో సగానికి సగం నెలనెలా పోయే సబ్‌స్క్రిప్షన్లే తేలతాయి. ఉచిత ట్రయల్ అని కార్డు నంబరు ఇచ్చి మరిచిపోయినవి. అవి కావని తేలితే మోసం కావచ్చు. వెంటనే బ్యాంకుకు చెప్పాలి, 11లో చూడండి.

తర్వాత బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు తీయండి. జీతం పడిన రోజు నుంచి లెక్కపెట్టండి. ఎన్నో రోజు నుంచి రోజువారీ ఖర్చంతా కార్డు మీదికి మళ్లింది? నేను దీన్ని ‘సొంత డబ్బు రోజులు’ అంటాను. 12 అని తేలితే, మిగతా 18 రోజులు మీరు బతుకుతున్నది వచ్చే నెల జీతం మీద. ఈ అంకెను కాగితం మీద రెండో వరుసలో రాయండి. నెలనెలా మారాల్సింది ఇదే.

## 4. ముందు కొత్త వాడకం ఆపండి

అప్పు తీర్చడం మొదలుపెట్టే ముందు కుండకు చిల్లి మూయాలి. బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా కొన్నదానికి ఆ రోజు నుంచే వడ్డీ అని చూశాం కదా. అలాంటి కార్డుతో నిత్యావసరాలు కొంటే వాటినీ 36 శాతం వడ్డీకి కొన్నట్టే.

1. షాపింగ్ సైట్లు, యాప్‌లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి. పదహారు అంకెలు మళ్లీ కొట్టాల్సి రావడం చిన్న చికాకే గానీ, రాత్రి పదకొండింటి కొనుగోళ్లను సగం ఆపేది అదే.
2. ఫోన్‌లో ట్యాప్ చేసి కట్టే సౌకర్యంలోంచి కార్డు తీసేయండి.
3. కొనసాగించాల్సిన సబ్‌స్క్రిప్షన్లను డెబిట్ కార్డుకో, బ్యాంకు ఖాతాకో మార్చండి. అక్కర్లేనివి రద్దు చేయండి.
4. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, నగదు తీసే సౌకర్యం ఆఫ్ చేసే వీలుంటే ఆఫ్ చేయండి.
5. కార్డును పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టండి. ఇప్పుడే రద్దు మాత్రం చేయొద్దు, ఎందుకో 12లో ఉంది.

మొదటి నెల ఇరుకు తప్పదు. జీతంలో పాత బిల్లు పోగా మిగిలిందాంతో నెలంతా గడవకపోవచ్చు. అందుకే ఒక్కసారిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాళ్లు మూడో వారంలో ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ కసిలో ముందుకంటే ఎక్కువ గీకేస్తారు. మీ సొంత డబ్బు రోజులు 12 అయితే వచ్చే నెల 16 లక్ష్యంగా పెట్టుకోండి, ఆపై నెల 20. తప్పనిసరై కార్డు వాడిన రోజు ఆ మొత్తాన్ని కాగితం మీద రాయండి. నాలుగైదు నెలల్లో 30కి చేరితే బాగా చేసినట్టే.

## 5. ప్రతి నెలా ఒకే మొత్తం కట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

లక్ష బాకీ ఉంది. మొదటి నెల వడ్డీ 3,000 కలిపి 1,03,000 అయింది. అందులో 5 శాతం, అంటే 5,150 మినిమమ్ డ్యూ. కట్టారు. వచ్చే నెల బాకీ కాస్త తగ్గింది, మినిమమ్ కూడా కాస్త తగ్గింది. అడిగినంతే కడుతూ పోయారు.

ఏడాది తిరిగేసరికి మీరు కట్టింది సుమారు 55,000. బాకీ తగ్గింది 23,000 మాత్రమే. మిగతా 32,000 వడ్డీ. ఇలాగే కడితే బాకీ సగానికి రావడానికే 32 నెలలు పడుతుంది. తీరడానికని చెప్పడం లేదు, సగానికి రావడానికి.

ఇప్పుడు ఒక చిన్న మార్పు. బ్యాంకు అడిగే మినిమమ్ నెలనెలా తగ్గుతున్నా, మీరు మాత్రం ఆ మొదటి నెల 5,150నే ప్రతి నెలా కట్టారనుకోండి. కొత్త కొనుగోళ్లు లేవు. మొత్తం బాకీ 30 నెలల్లో తీరిపోతుంది.

మొదటి నెల మీ జేబులోంచి పోయింది రెండు పద్ధతుల్లోనూ అంతే. ఒకదాంట్లో రెండున్నరేళ్లకు బయటపడ్డారు, ఇంకోదాంట్లో అప్పటికింకా సగానికి పైగా అప్పుంది. నెలకు 8,000 కట్టగలిగితే 16 నెలలు. 10,000 అయితే ఏడాదికి దాదాపు అయిపోతుంది, పదమూడో నెలలో కాస్త చిల్లర మిగులుతుంది.

మినిమమ్ మాత్రమే కడితే బాకీ ఇలా ఏళ్ల తరబడి సాగుతుందని అమెరికా చట్టమే గుర్తించింది. 2009లో తెచ్చిన కార్డ్ చట్టం ప్రకారం అక్కడి స్టేట్‌మెంట్ల మీద ‘మినిమమ్ మాత్రమే కడితే ఇన్నేళ్లు పడుతుంది, మూడేళ్లలో తీరాలంటే నెలకు ఇంత కట్టాలి’ అని అచ్చు వేయాలి. మీ స్టేట్‌మెంటు మీద ఆ వరుస లేకపోతే మీరే లెక్కేసి పెన్నుతో రాయండి.

చేయాల్సిన పద్ధతి:

☐ ఈ నెల మినిమమ్ డ్యూ ఎంతో చూడండి.
☐ దాని మీద మీరు కట్టగలిగినంత కలిపి ఒక మొత్తం ఖాయం చేయండి. మరీ ఆశపడి పెద్ద అంకె పెట్టొద్దు, రెండో నెలలోనే తప్పుతుంది.
☐ జీతం పడిన మర్నాడే కట్టండి, గడువు దాకా ఆగొద్దు. చాలా కార్డుల్లో వడ్డీ రోజువారీ బాకీ మీద పడుతుంది కాబట్టి ఇరవై రోజులు ముందు కడితే ఆ ఇరవై రోజుల వడ్డీ మిగులుతుంది.
☐ బోనస్, పాత బాకీ వసూలు లాంటి అనుకోని డబ్బు వస్తే, సగమైనా అదే రోజు కార్డుకు కట్టండి.

## 6. రెండు మూడు కార్డులుంటే ఏది ముందు

అన్నిటికీ మినిమమ్ కట్టి, మిగిలిన డబ్బంతా ఒకే కార్డు మీద పెట్టాలి. కొద్దికొద్దిగా అన్నిటికీ పంచితే ఏదీ తీరదు.

లెక్క ప్రకారం వడ్డీ రేటు ఎక్కువున్నది ముందు తీర్చాలి. కానీ మనుషులు లెక్క ప్రకారమే నడిస్తే ఈ అప్పులే ఉండవు కదా. డేవిడ్ గాల్, బ్లేక్‌లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు 2012లో అప్పు తీర్చే కార్యక్రమంలో చేరినవాళ్ల లెక్కలు పరిశీలించారు. ఒక్కో ఖాతాను పూర్తిగా మూసేస్తూ పోయినవాళ్లు చివరిదాకా నిలబడే అవకాశం ఎక్కువగా కనిపించింది.

నా సలహా: రేట్లలో తేడా తక్కువైతే చిన్న బాకీ ముందు తీర్చండి. ఒక పేరు కాగితం మీద కొట్టేసిన ఊపు పనికొస్తుంది. తేడా బాగా ఎక్కువైతే ఎక్కువ రేటుదే ముందు. ఒకటి తీరాక దానికి కడుతున్న మొత్తాన్ని రెండోదానికి కలపండి, ఇంటి ఖర్చులోకి జారనివ్వొద్దు.

## 7. ఈఎంఐ, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, పర్సనల్ లోన్

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే ఒక కార్డు బాకీని ఇంకో కార్డుకు మార్చడం. మూడూ ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీలోకి మార్చే దారులే. బాగా పనిచేస్తాయి కూడా, పాత కార్డును మళ్లీ నింపకపోతే. మార్చిన ఆర్నెల్లకు లోనూ ఉండి, కార్డూ నిండి ఉన్నవాళ్లను చూశాను. 4వ మెట్టు దాటకుండా ఇక్కడికి రావొద్దు.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి:

☐ వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా? ఏడాది ఈఎంఐకి ఫ్లాట్ 12 శాతం అంటే, తగ్గే బాకీ మీద అది సుమారు 21 శాతానికి పైనే. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అసలు మీదే వేస్తారు కాబట్టి.
☐ ప్రాసెసింగ్ ఫీజు ఎంత? దాని మీద పన్ను ఎంత?
☐ ముందే తీర్చేస్తే జరిమానా ఉందా?
☐ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అయితే, తక్కువ వడ్డీ ఎన్ని నెలలు? ఆ తర్వాత రేటెంత?
☐ ఈఎంఐగా మార్చిన మొత్తం కార్డు లిమిట్‌ను పట్టి ఉంచుతుందా?

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నప్పుడు, అదే వస్తువు ఒకేసారి కడితే ఎంతకిస్తారో అడగండి. రెండు ధరలకూ తేడా ఉంటే వడ్డీ ఆ తేడాలో ఉంది.

## 8. మినిమమ్ కూడా కట్టలేకపోతే

ఉద్యోగం పోయింది, ఆస్పత్రి ఖర్చు వచ్చింది. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని బ్యాంకు ఫోన్ ఎత్తకపోవడం. గడువు దాటకముందే మీరే ఫోన్ చేయండి. దాటాక మాట్లాడేది వసూళ్ల విభాగం, వాళ్ల చేతిలో ఉండే వెసులుబాటు వేరు.

చెప్పాల్సింది సూటిగా, అంకెలతో: ‘ఈ కారణంగా పూర్తిగా కట్టలేను. నెలకు ఇంత కట్టగలను. వడ్డీ తగ్గించి వాయిదాల్లోకి మార్చగలరా?’ ఫోన్‌లో ఏం ఒప్పుకున్నా రాతపూర్వకంగా పంపమని అడగండి. తేదీ, సమయం, మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి.

‘సెటిల్‌మెంట్’ అంటే బాకీలో కొంత కట్టించుకుని మిగతాది వదిలేయడం. వినడానికి హాయిగా ఉంటుంది గానీ మీ అప్పుల చరిత్ర నమోదయ్యే క్రెడిట్ రిపోర్టులో అది ‘పూర్తిగా తీర్చారు’ అని నమోదు కాదు. తర్వాత ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు అడ్డం రావచ్చు. వేరే దారి లేనప్పుడే ఒప్పుకోండి.

ఒక కార్డు కట్టడానికి ఇంకో కార్డుతో నగదు తీయొద్దు. నగదు తీస్తే ఫీజు వేరే, వడ్డీ తీసిన రోజు నుంచే. ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇంట్లోవాళ్లకు చెప్పడం గురించి ఒక మాట. బాకీని దాచడం వల్ల వచ్చే టెన్షన్ చాలాసార్లు బాకీ టెన్షన్ కంటే పెద్దది. బిల్లు మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఫోన్ బోర్లా పెట్టే పరిస్థితి ఎన్నాళ్లు? చెప్పేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టకండి, 2, 3, 5 మెట్లలో రాసిన కాగితం ముందు పెట్టండి. మొత్తం ఇంత, నెలకు ఇంత కడతాను, ఇన్ని నెలలు. అంకె, గడువు కళ్ల ముందుంటే మాట గొడవలోకి పోకుండా పనిలోకి వస్తుంది.

## 9. ఆటో డెబిట్ పెట్టే పద్ధతి

ఇది నా తలకు తగిలిన దెబ్బ. ఆటో డెబిట్ అంటే బిల్లు డబ్బు ఖాతాలోంచి దానంతటదే పోయేలా పెట్టుకోవడం. ఆ ఫారంలో రెండు గడులున్నాయి: టోటల్ డ్యూ, మినిమమ్ డ్యూ. హడావుడిలో రెండోదాని దగ్గర టిక్ పెట్టాను. నెలనెలా ‘మీ చెల్లింపు అందింది, ధన్యవాదాలు’ అని మెసేజ్ వచ్చేది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను. ఏడో నెలలో ఒక కొనుగోలుకు కార్డు పనిచేయలేదు. లిమిట్ నిండిపోయిందన్నారు. స్టేట్‌మెంటు తెరిస్తే ఏడు నెలల వడ్డీ వరుసగా నిలబడి ఉంది. బ్యాంకుది తప్పేమీ లేదు, టిక్ పెట్టింది నా చెయ్యే. అయినా ఆ ధన్యవాదాల మెసేజ్ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

☐ పూర్తిగా కట్టగలిగేవాళ్లు ‘టోటల్ డ్యూ’ ఎంచుకోండి. బాకీ తీరుస్తున్నవాళ్లు మినిమమ్‌కు ఆటో డెబిట్ పెట్టి, ఖాయం చేసుకున్న మొత్తంలో మిగతాది జీతం మర్నాడు చేత్తో కట్టండి.
☐ మొదటి నెల ఆటో డెబిట్ నిజంగా జరిగిందో, ఎంత పోయిందో ఖాతాలో చూడండి.
☐ గడువుకు రెండు రోజుల ముందు ఖాతాలో డబ్బుందో లేదో చూసేలా ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి వస్తే ఖాతా వైపు ఒక ఫీజు, కార్డు వైపు ఒక ఫీజు పడొచ్చు.
☐ జీతం ఖాతా మారినా, కార్డు మారినా ఆటో డెబిట్ కొత్తగా పెట్టుకోవాలి.
☐ గడువు తేదీ జీతానికి ముందు పడుతుంటే మార్చమని అడగండి. చాలా బ్యాంకులు బిల్లు తేదీ మార్చుకోనిస్తాయి.

## 10. బాకీ తీరాక మళ్లీ వాడడం

పూర్తిగా కట్టేశాక కూడా వచ్చే బిల్లులో కొంచెం వడ్డీ కనిపిస్తే కంగారు పడొద్దు. బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పేరుకున్నది అది. దాన్నీ కట్టేయండి. తర్వాతి బిల్లులో వడ్డీ సున్నా అని కనిపించాకే వడ్డీ లేని వ్యవధి తిరిగొచ్చినట్టు లెక్క.

అప్పటినుంచి వారానికోసారి కట్టే పద్ధతి పెట్టుకోండి. ఒక రోజు ఎంచుకుని, ఆ వారం కార్డు మీద ఎంత అయితే అంత ఖాతాలోంచి కట్టేయడం. నెలకు ఒకసారి 28,000 బిల్లు చూస్తే గుండె జారుతుంది గానీ, అందులో ఏ ఖర్చు ఎందుకైందో గుర్తుండదు. వారానికి 7,000 అయితే మొన్నటి కొనుగోళ్లన్నీ ఇంకా కళ్ల ముందే ఉంటాయి. యాభై రోజుల ఎడం ఏడు రోజులకు దిగుతుంది. వడ్డీ లేని రోజులు వృథా అవుతాయి కదా అని లెక్కల మనుషులు అంటారు. అవుతాయి. ఆ కాస్త లాభం కంటే గుర్తుండడమే నాకు ముఖ్యం.

మీరు అప్పు ఎంత బాగా తీరుస్తారో అంకెలో చెప్పే క్రెడిట్ స్కోరుకు, లిమిట్‌లో 30 శాతం లోపు వాడడం మంచిదంటారు. ఇది చట్టం కాదు, అనుభవం మీద వచ్చిన కొలత. అలాంటి స్కోర్లలో పేరున్న, అమెరికాలో వాడే ఫైకో స్కోరులో సమయానికి కట్టిన చరిత్రకు 35 శాతం, ఎంత అప్పు వాడుతున్నారన్నదానికి 30 శాతం బరువుంటుంది. అంటే స్కోరులో మూడింట రెండు వంతులు ఈ రెండిటి చేతిలోనే. స్కోరు కోసం కొంత బాకీ మిగల్చాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, దాన్ని నమ్మి వడ్డీ కట్టకండి.

ఇక రివార్డ్ పాయింట్లు. పూర్తిగా కట్టేవాళ్లకు అవి నిజంగా లాభమే. బాకీ మోసేవాళ్లకు, 1 శాతం క్యాష్‌బ్యాక్ కోసం నెలకు 3 శాతం వడ్డీ కట్టడం. పాయింట్ల కోసం కొన్నది ఏదైనా ఎరుపు గీతే.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఒక రోజు ఆలస్యమైంది. వెంటనే పూర్తిగా కట్టి, ఫోన్ చేసి ఫీజు వెనక్కి ఇవ్వమని అడగండి. ఇన్నాళ్లూ సమయానికి కట్టినవాళ్లకు ఒకసారి మాఫీ చేయడం అరుదేమీ కాదు. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ ఇవ్వరు.

వస్తువు వెనక్కి ఇచ్చారు, బిల్లులో ఇంకా ఉంది. రీఫండ్ వస్తుందిలే అని ఆ మేరకు తగ్గించి కడితే ‘పూర్తిగా కట్టలేదు’ కిందికి వస్తుంది. బిల్లు మొత్తం కట్టేయండి, రీఫండ్ తర్వాతి బిల్లులో జమ అవుతుంది.

మీరు చేయని ఖర్చు కనిపించింది. యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, ఆ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, రాతలోనూ పంపండి. ఆలస్యమైన కొద్దీ నష్టం మీమీద పడే అవకాశం పెరుగుతుంది. ఓటీపీ, పిన్, కార్డు వెనక మూడంకెలు బ్యాంకు నుంచే అని చెప్పినవాళ్లకు కూడా చెప్పొద్దు.

విదేశంలో ‘మీ దేశపు కరెన్సీలో కడతారా?’ అని మెషీన్ అడిగింది. వద్దనండి. అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. మీ కరెన్సీలోకి మార్చే పని మెషీన్ వైపు వాళ్లకు వదిలితే, సాధారణంగా వాళ్ల రేటు మీకు నష్టంగానే ఉంటుంది.

కార్డును ఇంకొకరికి ఇచ్చారు. వాళ్లు ఇచ్చిన మాట వాళ్లకూ మీకూ మధ్యే. బ్యాంకు లెక్కలో బాకీ పూర్తిగా మీదే, ఆలస్యమైతే దెబ్బతినే స్కోరూ మీదే. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఆ మొత్తం మీరు కట్టేసి, వాళ్ల దగ్గర చేబదులుగా వసూలు చేసుకోండి.

లిమిట్ పెంచుతామని ఫోన్ వచ్చింది. బాకీ తీరుస్తున్న రోజుల్లో వద్దని చెప్పండి.

## 12. కార్డు రద్దు చేసుకోవాలంటే

బాకీ ఉండగా రద్దు చేయమంటే ముందు మొత్తం కట్టమంటారు. అందుకే అప్పుడు వద్దన్నాను. తీరాక కూడా ఏడాదికి ఫీజు లేని పాత కార్డు ఒకటి ఉంచుకోవడం మేలు. ఉన్న కార్డులన్నీ ఒకేసారి తీసేస్తే మొత్తం లిమిట్ తగ్గిపోయి, స్కోరు కొంత కిందికి జారొచ్చు. కానీ కార్డు ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదని మీకే తెలిస్తే, స్కోరు సంగతి పక్కనపెట్టి తీసేయండి. స్కోరు మళ్లీ పెరుగుతుంది.

వరుస ఇది:

1. మిగిలిన పాయింట్లు వాడేసుకోండి.
2. ఆ కార్డు మీద ఉన్న సబ్‌స్క్రిప్షన్లు, ఈఎంఐలు, ఆటో డెబిట్ ఏవీ మిగలకుండా చూడండి.
3. వడ్డీ సున్నా అని చూపించే ఒక బిల్లు వచ్చేదాకా ఆగండి.
4. రద్దు కోరుతూ రాతపూర్వకంగా పంపి, దరఖాస్తు నంబరు తీసుకోండి.
5. బాకీ ఏమీ లేదనే ధ్రువపత్రం అడిగి దాచుకోండి.
6. కార్డును చిప్ మీదుగా, అయస్కాంతపు పట్టీ మీదుగా ముక్కలు చేసి పారేయండి.
7. రెండు మూడు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి, ఆ ఖాతా ‘మూసివేశారు’ అనీ, బాకీ సున్నా అనీ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ధ్రువపత్రం జతచేసి బ్యాంకుకూ, రిపోర్టు ఇచ్చే సంస్థకూ ఒకే రోజు రాయండి.